పాత కోడ్ శుభ్రం చేస్తూ కూర్చుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది కాజీపేట. రైల్వే సిగ్నల్ విభాగంలో టెక్నీషియన్‌ని. మా బిడ్డ హనుమకొండలో ఇంజినీరింగ్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ఆరు నెలలుగా రాత్రి ఒంటిగంట దాకా లినక్స్ కెర్నెల్‌లో ‘ప్రాసెస్ ట్రేసింగ్’ కోడ్ శుభ్రం చేస్తున్నానంటుంది. కొత్తగా ఏమీ తయారు చేయడం లేదట. పంపించిన మార్పు మూడుసార్లు వెనక్కి వచ్చింది. మొన్న ఏడ్చింది కూడా. తోటి పిల్లలు అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ (వెబ్ డెవలప్‌మెంట్) కోర్సుకు పోతున్నారు. ఫీజు 45 వేలు, కట్టడానికి ఈ ఆదివారమే ఆఖరు. ఇది మాన్పించి అక్కడ చేర్పించాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్తే అన్నా. మాన్పించకండి. అయితే ఆమె పని చేసే తీరులో కొన్ని మార్పులు కావాలి. క్యాంపస్ ప్రిపరేషన్ పక్కన పెట్టేసి ఉంటే మాత్రం అది ఈ వారమే మొదలుపెట్టాలి.

శుభ్రం చేయడం అనగానే మీకు ఇల్లు ఊడ్చినట్టు అనిపించి ఉంటుంది. మీ పనిలోంచే చెప్తాను. ఏళ్ల తరబడి ఒకరి తర్వాత ఒకరు వైర్లు కలుపుతూ పోయిన పాత రిలే రూం ఒకటి అనుకోండి. దాన్ని సర్దాలంటే మీరు ముందు డిస్కనెక్షన్ మెమో ఇస్తారు. స్టేషన్ మాస్టర్ సంతకం పెట్టాకే విప్పుతారు. పని అయ్యాక పాయింట్లు, సిగ్నళ్లు అన్నీ టెస్ట్ చేసి గానీ రీకనెక్షన్ ఇవ్వరు. రేపు అదే దారిలో వచ్చే లోకో పైలట్‌కు లోపల వైరు మారిన సంగతి తెలియనే తెలియకూడదు. మీ బిడ్డ చేస్తున్నదీ ఆ కోవలోని పనే. బయటికి ఏ తేడా రాకుండా లోపలిది సరిచేయడం.

ఆ కోడ్ ఏం చేస్తుందో కూడా కొంచెం తెలుసుకోండి, ఇంట్లో ఆమెతో మాట్లాడటానికి పనికొస్తుంది. లినక్స్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్, దాని నడిమధ్య ఉండి కంప్యూటర్‌ను నడిపే భాగమే కెర్నెల్. కంప్యూటర్‌లో నడిచే ఒక ప్రోగ్రామ్‌ను ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని, ఆపి, దాని మెమరీలో ఏముందో చూసి, మళ్లీ నడిపించగలదు. లినక్స్‌లో దీనికి పీట్రేస్ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నెల్‌ను పని అడిగే దారి) ఉంది. తప్పులు వెతికే డీబగ్గర్ జీడీబీ, ఒక ప్రోగ్రామ్ కెర్నెల్‌ను ఏమేం అడుగుతోందో వరుసగా చూపించే ఎస్‌ట్రేస్, రెండూ దీని మీదే నడుస్తాయి. ఈ ఆలోచన 1970ల నాటి యునిక్స్ నుంచి వచ్చింది. అప్పుడు ఒక ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌లో, ఒకే దారం (థ్రెడ్) నడిచేది. ఇప్పుడు ఒకే ప్రోగ్రామ్‌లో వందల థ్రెడ్లు, ప్రాసెసర్‌లో పది పదిహేను కోర్లు. చూసేవాడు ఒక కోర్ మీద ఉంటాడు, చూడబడేవాడు ఇంకో కోర్ మీద. సరిగ్గా వివరాలు చదువుతున్న క్షణంలోనే ఎవరో కిల్ సిగ్నల్ (ఆ ప్రాసెస్‌ను చంపే ఆదేశం) పంపితే ఆ ప్రాసెస్ ఆగిన చోటు నుంచి లేచిపోతుంది. పైగా ట్రేసింగ్ మొదలైతే ఆ ప్రాసెస్‌కు తల్లి స్థానంలో డీబగ్గర్ వచ్చి కూర్చుంటుంది. అందుకే కెర్నెల్ ‘పేరెంట్’, ‘రియల్ పేరెంట్’ అని రెండు వేర్వేరు గుర్తులు పెట్టుకుంటుంది. ప్రాసెస్ చనిపోతే ఎవరికి ముందు చెప్పాలి, ఎవరికి తర్వాత చెప్పాలి అన్నది కూడా ఈ కోడ్ తేల్చాల్సిందే.

ఇందులో తప్పు అని అందరూ ఒప్పుకున్నదాన్ని కూడా ఊరికే మార్చలేరు. ఒక ప్రాసెస్‌కు డీబగ్గర్ తగిలించినప్పుడు పాత పద్ధతిలో కెర్నెల్ దానికి సిగ్‌స్టాప్ అనే సిగ్నల్ పంపి ఆపుతుంది. అదే సమయానికి ఇంకెవరైనా నిజంగానే సిగ్‌స్టాప్ పంపితే రెండూ కలిసిపోతాయి, ఏది ఎవరిదో తెలియదు. మరి సరిచేయొచ్చు కదా అంటే, ఆ పాత ప్రవర్తననే నమ్ముకుని రాసిన ప్రోగ్రాములు ప్రపంచమంతా ఉన్నాయి. వాటిని చెడగొట్టకూడదన్నది లినక్స్‌లో గట్టి నియమం. అందుకని పాతదాన్ని అలాగే ఉంచి, 2012లో వచ్చిన 3.4 వెర్షన్‌లో పీట్రేస్ సీజ్ అనే కొత్త దారి పెట్టారు. అది ప్రాసెస్‌ను ఆపకుండానే తగులుకుంటుంది.

దానికి ముందు జరిగిన కథ మీ బిడ్డకు ఎక్కువ పనికొస్తుంది. రోలండ్ మెక్‌గ్రాత్ అనే ఇంజినీర్ ఈ మొత్తం గజిబిజికి బదులుగా యూట్రేస్ అనే కొత్త నిర్మాణం రాశారు. ఎంతో అనుభవం ఉన్న మనిషి. అయినా అది లినక్స్ ప్రధాన కోడ్‌లోకి చేరలేదు. తర్వాత 2011లో తేజున్ హియో, ఓలెగ్ నెస్టెరోవ్ లాంటి వాళ్లు ఉన్న కోడ్‌నే చిన్న చిన్న ప్యాచ్‌లుగా, అంటే విడివిడి మార్పులుగా పంపి, సరిచేస్తూ వచ్చారు. అవి చేరాయి. మూడుసార్లు వెనక్కి వచ్చిందన్నారు కదా, ఆమె ఒకే ప్యాచ్‌లో ఎంత పెట్టి పంపుతోందో చూసుకోమనండి. ఒక ఫంక్షన్‌ను ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరపడం ఒక ప్యాచ్. దాని లోపలి తర్కం మార్చడం ఇంకో ప్యాచ్. రెండూ కలిపితే చదివేవారికి ఏది చోటు మాత్రమే మారిందో, దేని తర్కం మారిందో కనబడదు. వాళ్లు తిప్పి పంపడం న్యాయమే. మూడో వెర్షన్, నాలుగో వెర్షన్ దాకా పోవడం అక్కడ రోజూ జరిగేదే. అది ఫెయిల్ అవడం కాదని ఆమెకు మీ నోటితో చెప్పండి. మీరు చెప్తే వేరుగా ఉంటుంది.

అంత కఠినంగా ఎందుకుంటారంటే, 2019లో ఇదే పీట్రేస్ కోడ్‌లో ఒక లోపం బయటపడింది. ట్రేసింగ్ సంబంధం ఏర్పడేటప్పుడు ఎవరి అధికారాలు నమోదు చేయాలన్నది తప్పుగా ఉండటంతో, మామూలు యూజర్ రూట్ అధికారం (కంప్యూటర్ మొత్తం మీద అధికారం) సంపాదించే వీలు కలిగింది. లినక్స్ 5.1.17 వెర్షన్‌లో సరిచేశారు. ఆ లోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా అన్నా? అంతకు ముందు భద్రత కోసమే చేసిన ఒక సవరణ నుంచి.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేనూ కొన్నేళ్లు పరికరాలను నడిపే డివైస్ డ్రైవర్లు రాశాను. ఒకేలా కనిపించిన రెండు ఫంక్షన్లలో ఒకటి అనవసరమని తీసేశాను. ఒకదానిలో లాకులు (ఇద్దరు ఒకేసారి ఒకే డేటాను ముట్టకుండా వేసే తాళాలు) తీసుకునే వరుస వేరుగా ఉందని నేను గమనించలేదు. రెండు రోజులకోసారి బోర్డు బిగుసుకుపోయేది. కారణం నా మార్పేనని తేలడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేర్చుకున్నంత నాలుగేళ్ల చదువులో నేర్చుకోలేదు. మీ బిడ్డ దాన్ని కాలేజీలో ఉండగానే నేర్చుకుంటోంది.

ఇక ఉద్యోగం సంగతి. హైదరాబాద్‌లో క్వాల్కమ్, ఏఎండీ, ఇంటెల్ లాంటి చిప్ కంపెనీలు ఉన్నాయి. బెంగళూరులో, పుణెలో లినక్స్ మీదే బతికే కంపెనీలు ఉన్నాయి. సీ భాష, లాకులు, మెమరీ తెలిసిన పిల్లలు వీళ్లకు కావాలి. కానీ ఫ్రెషర్‌కు నేరుగా కెర్నెల్ పని ఇచ్చే పోస్టులు ఎప్పుడూ తక్కువే, ఇది మీ దగ్గర దాచను. క్యాంపస్‌కు వచ్చే పెద్ద సర్వీస్ కంపెనీలు పీట్రేస్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకపోవచ్చు. ఆప్టిట్యూడ్, డేటా స్ట్రక్చర్స్ అడుగుతాయి. కాబట్టి పొద్దున గంటన్నర వాటికి, తప్పకుండా. కెర్నెల్ పని వారంలో నాలుగు సాయంత్రాలు, రెండేసి గంటలు చాలు. గేట్ రాసే ఆలోచన ఉంటే ఇంకా మంచిది, ఆపరేటింగ్ సిస్టమ్స్ ఆ సిలబస్‌లో ఉంది, పక్కనే ఉన్న ఎన్‌ఐటీలో ఎంటెక్‌కు అదే దారి.

రాత్రి ఒంటిగంట దాకా మేలుకోవడం ఎందుకో నాకు అర్థమవుతోంది. జవాబులు యూరప్, అమెరికా నుంచి వస్తాయి, మెయిల్ రాగానే బదులివ్వాలనుకుంటోంది. అవసరం లేదు. ఒకటి రెండు రోజులు ఆగి, ఆలోచించి ఇచ్చిన జవాబుకే అక్కడ గౌరవం ఎక్కువ. పది గంటలకల్లా ల్యాప్‌టాప్ మూసేయమనండి.

ఆమెకు నా మాటగా ఇంకొకటి చెప్పండి. ఖాళీలు, కామాలు సరిచేసే ప్యాచ్‌లు మొదటి ఒకటి రెండు చాలు, అవి పంపే పద్ధతి నేర్చుకోవడానికే. ఆ తర్వాత టెస్టులు రాయాలి. కెర్నెల్ కోడ్‌లోనే సెల్ఫ్‌టెస్ట్స్ ఫోల్డర్‌లో పీట్రేస్‌కు టెస్టులు ఉన్నాయి. ఎస్‌ట్రేస్‌కు సొంత టెస్టులు ఉన్నాయి. మార్పుకు ముందు, మార్పు తర్వాత అవన్నీ క్యూఎములో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్‌లో) నడిపి, ఫలితం ప్యాచ్ వివరణలో రాయాలి. మీ రీకనెక్షన్ మెమో లాంటిది అది. రెజ్యూమేలో కూడా ‘కెర్నెల్ కంట్రిబ్యూటర్’ అని ఒక ముక్క రాసి వదిలేయకుండా, ఏం మార్చింది, ఎందుకు మార్చింది, ఏమీ చెడలేదని ఎలా చూసుకుంది అన్నది మూడు వాక్యాల్లో రాయాలి. ఇంటర్వ్యూ చేసేవారు పట్టుకునేది ఆ మూడో వాక్యాన్నే. లినక్స్ ఫౌండేషన్ వాళ్ల కెర్నెల్ మెంటార్‌షిప్ ప్రోగ్రామ్ ఒకటి ఉంది. దానికి అప్లై చేయమనండి.

ఆదివారం ఫీజు కట్టకండి. వెబ్ డెవలప్‌మెంట్ మీద ఆమెకే ఆసక్తి పుడితే తర్వాత నేర్చుకోవచ్చు, ఆ కోర్సులు ఎక్కడికీ పోవు. ఆమె ల్యాప్‌టాప్‌లో ర్యామ్ ఎంతుందో అడగండి. 8 జీబీ అయితే, పెంచే వీలుంటే 16 చేయించండి. కెర్నెల్ కంపైల్ చేస్తూ పక్కనే క్యూఎము నడపడానికి అది చాలా తేడా చూపిస్తుంది. మిగిలిన డబ్బు గేట్ ఫీజుకూ ఇంటర్వ్యూలకు పోయి రావడానికీ ఉంచండి. ఈ రెండు మూడు రోజుల్లో ఒక సాయంత్రం డ్యూటీ అయ్యాక ఆమె పక్కన కూర్చుని, వెనక్కి వచ్చిన ఆ ప్యాచ్ ఒకటి తెరిపించి, వాళ్లు ఏం రాశారో చదివి చెప్పమనండి.