టెక్ సందేహాలు: కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర ఆగిపోయిన పనులు

డిగ్రీ, పాలిటెక్నిక్ కాలేజీల్లో చదివేవారి నుంచి, ఆ కాలేజీల ఆఫీసుల్లో పనిచేసేవారి నుంచి కొంతకాలంగా అందుతున్న ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాను. అడ్మిషన్, స్కాలర్‌షిప్, పరీక్ష ఫీజు, సర్టిఫికెట్లు అన్నీ పోర్టళ్లకు, వేలిముద్ర యంత్రాలకు, ఓటీపీలకు ముడిపడిన తర్వాత ఆఫీసు కిటికీ దగ్గర తరచూ వినిపించే మాట ఒక్కటే: “సిస్టమ్ తీసుకోవడం లేదు.” ఆ మాటతో వెనుదిరిగే విద్యార్థి తప్పు తనదేననుకుంటాడు. నిజానికి చాలా సందర్భాల్లో తప్పు అతనిది కాదు. ఎక్కడో, ఎప్పుడో నమోదైన ఒక వివరం ఇంకోచోటి వివరంతో కలవకపోవడమే అసలు కారణం, దాన్ని గడువు ముంచుకొచ్చాక కాక ముందే పట్టుకోవచ్చు.

ప్రశ్న: నేను బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో నా స్కాలర్‌షిప్ మంజూరైనట్లు కనిపిస్తోంది కానీ ఖాతాలో డబ్బు పడలేదు. బ్యాంకులో అడిగితే ఆధార్ లింక్ అయ్యే ఉందంటున్నారు. కాలేజీలో అడిగితే బ్యాంకుకే వెళ్లమంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఖమ్మం జిల్లా పాఠకురాలు

జవాబు: బ్యాంకువారు చెప్పింది అబద్ధం కాదమ్మా. అయితే వారు చెబుతున్న లింక్ వేరు, మీ డబ్బుకు కావలసిన లింక్ వేరు. ఖాతా తెరిచేటప్పుడు గుర్తింపు కోసం మీరిచ్చిన ఆధార్ నంబరు ఆ బ్యాంకు రికార్డులో ఉంటుంది. అది కేవైసీ వరకే పనికొస్తుంది. ఆధార్ ఆధారంగా డబ్బు పంపేటప్పుడు ప్రభుత్వం చూసేది నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ (ఎన్‌పీసీఐ) నిర్వహించే మ్యాపర్‌ను, అంటే ఏ ఆధార్‌కు ఏ బ్యాంకో చెప్పే పట్టికను. అందులో ఒక ఆధార్ నంబరుకు ఎదురుగా ఒక్క బ్యాంకు పేరే ఉంటుంది. మీకు మూడు ఖాతాలున్నా, మూడింటికీ ఆధార్ ఇచ్చినా, చివరిసారిగా ఏ బ్యాంకు మీ అనుమతితో ఆ పట్టికలో నమోదు చేసిందో ఆ బ్యాంకుకే డబ్బు వెళుతుంది. ఈ పద్ధతిలో చెల్లింపు జరిగితే దరఖాస్తులో మీరు రాసిన ఖాతా నంబరును ఎవరూ చూడరు.

చాలామంది విద్యార్థుల విషయంలో జరిగేది ఇదే. ఇంటర్‌లో ఉండగా ఊళ్లోని బ్యాంకులో ఖాతా తెరుస్తారు, డిగ్రీకి పట్నం వచ్చాక ఇంకొకటి తెరుస్తారు, ఫోన్‌లో ఏదో పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరుస్తూ నిబంధనలు చదవకుండానే “అంగీకరిస్తున్నాను” అన్న గడిలో టిక్ పెడతారు. ఆ టిక్‌తోనే మ్యాపర్‌లో బ్యాంకు పేరు మారిపోవచ్చు. డబ్బు పోయిందనుకుని ఏడ్చిన అమ్మాయికి, తాను మరచిపోయిన ఖాతాలో అదే మొత్తం భద్రంగా కనిపించిన సందర్భాన్ని నేను దగ్గరుండి చూశాను.

మీరు మొదట చేయవలసిన పని మైఆధార్ వెబ్‌సైట్లో ఓటీపీతో లాగిన్ అయి ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూడడం. ఏ బ్యాంకు నమోదై ఉందో, అది యాక్టివ్‌గా ఉందో లేదో, చివరిసారి ఎప్పుడు మారిందో అక్కడ కనిపిస్తుంది. ఇంటర్నెట్ లేని ఫోన్ నుంచి *99*99*1# డయల్ చేసి కూడా తెలుసుకోవచ్చు. అక్కడ వేరే బ్యాంకు పేరుంటే ముందు ఆ ఖాతాను చూసుకోండి. స్కాలర్‌షిప్ మీరు దరఖాస్తులో రాసిన ఖాతాలోనే పడాలనుకుంటే ఆ బ్యాంకుకు వెళ్లి ‘కేవైసీ లింక్’ అనకుండా, ‘డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్’ (ప్రభుత్వ డబ్బు నేరుగా ఖాతాలో పడేలా ఆ పట్టికలో నమోదు) అని అడిగి, ఆ పత్రంపై సంతకం చేయండి. ఈ ఒక్క మాట సరిగా అడగకపోవడం వల్లే విద్యార్థులు రెండు మూడు సార్లు తిరుగుతున్నారు. ఖాతా వాడకపోతే మూలన పడుతుందన్న భయం ఉంటే, స్కాలర్‌షిప్ కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను రెండేళ్లకు పైగా లావాదేవీలు లేవన్న కారణంతో నిర్వహణలో లేని ఖాతాలుగా లెక్కించకూడదని 2024 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి.

ప్రశ్న: మా తమ్ముడు సెలవుల్లో మిరప కోతకు వెళతాడు. స్కాలర్‌షిప్ కోసం మీసేవలో వేలిముద్ర వేస్తే నాలుగుసార్లూ సరిపోలేదని వచ్చింది. ఇప్పుడేం చేయాలి?
– మహబూబాబాద్ జిల్లా పాఠకుడు

జవాబు: కూలి పనితో వేలి గీతలు అరగడం ఒక కారణం కావచ్చు. ఈ వయసువారిలో అంతకంటే తరచుగా కనిపించే కారణం మరొకటుంది. చిన్నప్పుడు తీసిన వేలిముద్రలు పెరిగిన వేళ్లతో సరిపోలవు. అందుకే అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక మరోసారి బయోమెట్రిక్స్‌ను తప్పనిసరిగా కొత్తగా ఇవ్వాలన్న నిబంధన పెట్టారు. రెండోది చేయించుకోని పిల్లలు ఇంటర్ దాటి డిగ్రీకి వచ్చేవరకు ఎవరి కంటా పడరు, ఎందుకంటే అంతవరకు వేలిముద్ర అవసరమే రాదు. మీ తమ్ముడిని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లి వేలిముద్రలు, కంటిపాప, ఫొటో మూడూ అప్‌డేట్ చేయించండి. దానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి గడువు చివరి వారం దాకా ఆగకండి. ఈలోగా మీసేవ కేంద్రంలో కంటిపాపతో గానీ ముఖంతో గానీ ధ్రువీకరణకు వీలుందేమో అడగండి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసి మరచిపోయారేమో కూడా చూడండి. లాక్ ఉన్నంతకాలం ఏ వేలూ పనిచేయదు.

ప్రశ్న: నేను ఒక ఎయిడెడ్ కాలేజీ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ను. విద్యార్థుల వివరాలు ఎక్సెల్‌లో ఎక్కించి పంపితే, ఖాతా నంబర్లు తప్పని వెనక్కి వచ్చాయి. నేను ఒక్కో అంకె చూసి కొట్టాను. ఎక్కడ పొరపాటు జరిగింది?
– గుంటూరు జిల్లా పాఠకురాలు

జవాబు: మీరు సరిగ్గానే కొట్టి ఉంటారు, మార్చింది ఎక్సెల్. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ ఒక్క పొరపాటు ఎందరో పిల్లల డబ్బును ఆపుతోంది.

గడిలో అంకెలు మాత్రమే కనిపిస్తే ఎక్సెల్ దాన్ని లెక్క చేయవలసిన సంఖ్య అనుకుంటుంది. సంఖ్యల్లో అది 15 అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాతివాటిని సున్నాలు చేస్తుంది. కాబట్టి 16 అంకెల ఖాతా నంబరు చివర మీరు 7 కొట్టినా ఎంటర్ నొక్కగానే అది 0 అవుతుంది. ముందు సున్నాలతో మొదలయ్యే నంబరైతే ఆ సున్నాలు మాయమవుతాయి. 12 అంకెల ఆధార్ నంబరు మధ్యలో చుక్క, చివర ఆంగ్ల ‘ఈ’ (E) అక్షరం, ప్లస్ 11 ఉన్న కురచ రూపంలోకి మారుతుంది. లోపల పూర్తి నంబరు ఉన్నా, ఆ స్థితిలో ఫైలును సీఎస్‌వీగా (వివరాలను కామాలతో విడదీసే సాదా ఫైలుగా) సేవ్ చేస్తే తెరపై కనిపించే కురచ రూపమే ఫైలులోకి వెళుతుంది, మిగతా అంకెలు శాశ్వతంగా పోతాయి. హాల్‌టికెట్ నంబరులో అంకెల మధ్య ‘ఈ’ అక్షరం ఒక్కటే ఉంటే దాన్ని కూడా ఘాతాంకం అనుకుని పెద్ద సంఖ్యగా మార్చేస్తుంది. ఇది మన ఆఫీసులకే పరిమితమైన ఇబ్బంది కాదు. ఎక్సెల్ కొన్ని మానవ జన్యువుల పేర్లను తేదీలుగా మారుస్తూ ఉండడంతో, శాస్త్రవేత్తలు 2020 నాటికి ఆ జన్యువుల పేర్లనే మార్చుకోవలసి వచ్చింది.

పరిష్కారం సులువే, కాకపోతే కొట్టడం మొదలుపెట్టే ముందే చేయాలి. ఆధార్, ఖాతా, ఫోన్, హాల్‌టికెట్ నంబర్ల నిలువు వరుసలను ఎంచుకుని ఫార్మాట్‌ను ‘టెక్స్ట్’గా మార్చి, ఆ తర్వాతే నంబర్లు ఎక్కించండి. పోర్టల్ నుంచి దించుకున్న సీఎస్‌వీ ఫైలుపై డబుల్ క్లిక్ చేయకండి. ఖాళీ షీటు తెరిచి ‘డేటా’ మెనూలోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా తెచ్చుకుని, ఆ వరుసలను టెక్స్ట్‌గా ఎంచుకోండి. కొత్త ఎక్సెల్‌లో ఈ తనంతట తాను మార్చే అలవాటును ఆపే వీలు ‘ఆప్షన్స్’లోని ‘డేటా’ విభాగంలో ఉంది. ఇప్పటికే సున్నా అయిన చివరి అంకెను మాత్రం ఏ ఉపాయంతోనూ వెనక్కి తేలేము. పాస్‌బుక్ జిరాక్సులు ముందు పెట్టుకుని మళ్లీ సరిచూసుకోవలసిందే.

ప్రశ్న: మా కాలేజీ వాట్సాప్ గ్రూపులో స్కాలర్‌షిప్ పెండింగ్ జాబితా పెట్టారు. అందులో నా ఆధార్, ఫోన్, కులం, ఇంటి ఆదాయం అన్నీ ఉన్నాయి. అభ్యంతరం చెబితే తప్పా?
– కర్నూలు జిల్లా పాఠకురాలు

జవాబు: తప్పు కాదు, చెప్పి తీరాలి. మీ ఇంటి ఆదాయం మీ బెంచీలో కూర్చునేవారికి తెలియవలసిన అవసరం ఏమీ లేదు. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. పద్దెనిమిదేళ్లు నిండనివారి సమాచారం విషయంలో ఆ చట్టం తల్లిదండ్రుల సమ్మతిని కూడా కోరుతుంది, మొదటి సంవత్సరం విద్యార్థుల్లో ఆ వయసువారు తక్కువేమీ కాదు. చట్టం సంగతి అటుంచినా, ఇలాంటి జాబితా ఒకసారి బయటికి పొక్కితే “మీ స్కాలర్‌షిప్ ఆగింది, ఓటీపీ చెప్పండి” అని మోసగాళ్లు పేరు పెట్టి, కోర్సు చెప్పి మరీ ఫోన్ చేస్తారు, పిల్లలు నమ్ముతారు. డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే అంత మేలు.

ఆఫీసువారికి నా విన్నపం ఇది. గ్రూపులో హాల్‌టికెట్ నంబరు, ఎవరు ఆఫీసుకు రావాలో మాత్రమే రాయండి, కారణం వచ్చిన విద్యార్థికే చెప్పండి. ఆధార్ నకలు తీసుకోవలసి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ సరిపోయే చోట అదే అడగండి. గూగుల్ షీట్‌లో వివరాలు సేకరిస్తుంటే ‘లింక్ ఉన్నవారెవరైనా’ అన్న అమరికను వెంటనే తీసేయండి.

ప్రశ్న: నాకు చూపు లేదు. తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్లుగా ఫోన్‌లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ వాడతాను. కాలేజీ పంపే తెలుగు నోటీసులు మాత్రం చదవలేకపోతున్నాను. పరీక్ష ఫీజు గడువు కూడా స్నేహితులు చెబితేనే తెలిసింది.
– విశాఖపట్నం పాఠకుడు

జవాబు: ఈ ఉత్తరం చదివాక నాకు చాలాసేపు మనసు మనసులో లేదు. మీ సాఫ్ట్‌వేర్‌లో లోపం లేదు. ఉచితంగా లభించే ఎన్‌వీడీఏకు తెలుగు చదవడం తెలుసు, అయితే దానికి అందుతున్నది తెలుగు కాదు. మన డీటీపీ కేంద్రాల్లో, చాలా ఆఫీసుల్లో ఇప్పటికీ పాత అను ఫాంట్లతో నోటీసులు తయారు చేస్తున్నారు. అవి కాగితంపై అందంగా ఉంటాయి కానీ కంప్యూటర్ లోపల అవి ఆంగ్ల అక్షరాలు, గుర్తులు మాత్రమే. ఆ ఫాంటు వాటిపై తెలుగు బొమ్మలను తొడుగుతుంది. స్క్రీన్ రీడర్ బొమ్మను చూడదు, లోపలున్న అక్షరాన్నే చదువుతుంది. అందుకే “పరీక్ష ఫీజు” అని ఉన్నచోట మీకు అర్థంలేని ఆంగ్ల అక్షరాల వరుస వినిపిస్తోంది. ఇంకో రకం నోటీసు ఇంతకంటే కష్టం. ప్రింటు తీసి, సంతకం, ముద్ర వేసి, స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పంపుతారు. అందులో అక్షరమే ఉండదు, ఉన్నదంతా ఒక ఫొటో.

మీ చేతిలో ఉన్న తాత్కాలిక మార్గం స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవడం. అది బొమ్మలోని తెలుగును అక్షరాలుగా మారుస్తుంది. అను ఫాంటులో వచ్చిన నోటీసు కూడా బొమ్మగా మారితే ఇదే దారిలో చదవవచ్చు. తేదీలు, అంకెలు తప్పుగా రావచ్చు కాబట్టి గడువు వరకు ఎవరితోనైనా సరిచూసుకోండి.

అసలు పని మాత్రం కాలేజీది. ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. మండలి, రామభద్ర వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. విండోస్‌లో తెలుగు కీబోర్డు చేర్చుకుని వర్డ్‌లో కొట్టి, ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ చేస్తే చాలు. సంతకం తప్పనిసరైతే స్కాన్ కాపీతోపాటు అదే విషయాన్ని వాట్సాప్‌లో మామూలు అక్షరాల్లో రెండు వాక్యాలుగా రాస్తే మీకు ఆ క్షణంలోనే వినిపిస్తుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలని చెబుతోంది. ఆ చట్టం పేరు ప్రస్తావిస్తూ ప్రిన్సిపాల్‌కు ఒక వినతిపత్రం ఇవ్వండి. కావాలంటే ఈ జవాబును జతచేయండి.

ప్రశ్న: అడ్మిషన్‌లో ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తీసుకుంది, ఉద్యోగ ఇంటర్వ్యూకు అవసరమయ్యాయి. ప్రభుత్వ డిజిటల్ పత్రాల యాప్ డిజీలాకర్ చూపిస్తే చెల్లుతుందా?
– వరంగల్ పాఠకుడు

జవాబు: డిజీలాకర్‌లో ‘ఇష్యూడ్’ విభాగంలోకి బోర్డు లేదా విశ్వవిద్యాలయం నుంచి నేరుగా వచ్చిన మెమో, ఒరిజినల్‌తో సమానంగా చెల్లుతుందని కేంద్ర ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. మీరు ఫొటో తీసి ‘అప్‌లోడ్’ చేసుకున్న దానికి ఆ విలువ లేదు. ఇక ఒరిజినల్స్ విషయానికొస్తే, సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, వాటిని సంస్థలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టం చేసింది. రాతపూర్వకంగా అడగండి, దరఖాస్తు నకలుపై ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.