క్రిస్మస్ ఏటా డిసెంబరు 25నే వస్తుంది, దానికి అప్పెందుకు?

విజయవాడ నుంచి ఒక పాఠకురాలు రాశారు. భర్తది ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికొచ్చేది రూ.68,000. పదకొండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు. రెండేళ్లుగా పిల్లలను బడికి పంపకుండా ఆవిడే ఇంట్లో చదివిస్తున్నారు. ఈ డిసెంబరంతా మామూలు పాఠాలు పక్కనపెట్టి పుస్తకాలతో, బైబిలుతో, ఇంటి ఆనవాయితీలతో గడపాలని కోరిక. దానికోసం విదేశీ హోమ్‌స్కూల్ పుస్తకాల సెట్టు రూ.55,000, పండుగ ఖర్చు రూ.65,000 అని లెక్క వేసుకున్నారు. పుస్తకాలు క్రెడిట్ కార్డు మీద ఈఎమ్ఐ, పండుగకు యాప్‌లో లోను. 'లేదంటే బంగారం పెట్టడం మేలా, చీటీ పాడుకోవడం మేలా?' అని అడుగుతున్నారు. బ్యాంకులో ఉన్నది రూ.38,000.

నాలుగూ వద్దమ్మా. మీ కోరికను తప్పుపట్టడం లేదు, పిల్లలకు అలాంటి డిసెంబరు ఇవ్వాల్సిందే. కానీ మీ ఉత్తరంలో కనిపించిన పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతోంది. తేదీ ముందే తెలిసిన ఖర్చును ఆపద ఖర్చులా చూసి అప్పుకు వెళ్తున్నారు. నిజంగా ఆపద వస్తే వాడాల్సిన డబ్బు మాత్రం ఇంట్లో ఉండదు.

ముందు ఆ యాప్ లోను సంగతి. నెలకు 1.75 శాతమే అని మీకు చూపించారు. అది ఫ్లాట్ వడ్డీ. 12 నెలలకు వడ్డీ రూ.13,650, నెల వాయిదా రూ.6,554. మీరు అసలు తీరుస్తూ పోతున్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా పూర్తి రూ.65,000 మీదే లెక్క కడతారు. 3 శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ ముందే కోసేస్తే మీ చేతికొచ్చేది రూ.62,699. అన్నీ కలిపితే నిజమైన రేటు ఏడాదికి 40 శాతం దాటుతుంది. లోను ఇచ్చే ముందు వడ్డీ, ఫీజులు, షరతులన్నీ రాసిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ చూపాలన్నది ఆర్‌బీఐ నిబంధన. అందులో ఏపీఆర్ (ఫీజులతో కలిపి ఏడాదికి పడే రేటు) అన్న అంకె ఒక్కటి చూడండి చాలు.

పుస్తకాలను 15 శాతం వడ్డీకి ఏడాది ఈఎమ్ఐగా మార్చుకుంటే నెలకు సుమారు రూ.4,960, పైగా ఆ వడ్డీ మీద జీఎస్టీ. రెండూ కలిపి నెలకు రూ.11,500 పైమాటే. మీరు పంపిన ఖర్చుల పట్టీ ప్రకారం నెలాఖరుకు మిగిలేది రూ.4,200. మిగతా ఏడు వేల చిల్లర ఎక్కడినుంచి తెస్తారు? మళ్లీ కార్డు మీద నుంచే. ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టకపోతే కొత్తగా కొన్న పాల ప్యాకెట్టుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, అదీ నెలకు మూడు శాతానికి పైనే. జనవరిలో మొదలైన వాయిదాల్లో ఆఖరిది వచ్చే డిసెంబరులో కడతారు. అప్పటికి ఇంకో పండుగ వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. అద్దె, సరుకులు, కరెంటు, ఫోన్, పెట్రోలు, అత్తమామలకు పంపేది, చీటీ. తప్పనిసరి ఖర్చు నెలకు రూ.48,000. మీ దగ్గరున్న రూ.38,000 ఇరవై నాలుగు రోజులకు సరిపోతుంది. భర్త ఉద్యోగం పోతే ఇరవై ఐదో రోజున ఇల్లు ఎలా నడుస్తుంది?

పిల్లలను ఇంట్లో చదివించే కుటుంబానికి ఈ ప్రశ్న ఇంకా పదునైనది. మీ ఇంట్లో రెండో జీతం లేదు. మీరు పూర్తి సమయం పిల్లలకు ఇచ్చారు కాబట్టి వారంలో ఉద్యోగం వెతుక్కునే వీలూ లేదు. డబ్బు కటకట వస్తే మొదట ఆగేది ఇంటి చదువే. అప్పుడు విద్యా సంవత్సరం మధ్యలో బడి వెతకాలి, అడ్మిషన్ ఫీజు, పుస్తకాలు, యూనిఫాం అన్నీ ఒకేసారి కట్టాలి. బడి ఫీజు తప్పిందని రెండేళ్ల క్రితం మీరు అనుకున్నారు. ఆ ఫీజు డబ్బు అత్యవసర నిధిలోకి వెళ్లాల్సింది, ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. పాపకు పద్నాలుగేళ్లు నిండితే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు ఎన్‌ఐఓఎస్‌లో పదో తరగతికి నమోదు చేయవచ్చు. అంతవరకు ఈ చదువు ఆగకుండా సాగాలంటే ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి. విదేశీ సెట్టు లేకపోయినా చదువు సాగుతుంది. నిధి లేకపోతే సాగదు.

నిధి ఎలా కట్టాలో చెబుతాను. చీటీ పాడకండి. లక్ష చీటీ వచ్చే జూలైతో ముగుస్తుందన్నారు. ఇప్పుడు పాడితే పాటలో పోయేది పోగా మిగతా వాయిదాలు ఎలాగూ కట్టాలి. ఆఖర్న తీసుకుంటే 5 శాతం కమీషన్ పోను రూ.95,000 వస్తుంది. జనవరి నుంచి మిగిలే రూ.4,200లో రూ.2,000 'పండుగ, పుస్తకాలు' అని ఆర్‌డీలో (బ్యాంకులో నెలనెలా కట్టే డిపాజిట్), రూ.2,200 నిధిలో వేయండి. ఇప్పుడున్న రూ.38,000తో కలిపి జూలై నాటికి నిధి రూ.53,400 అవుతుంది. చీటీ డబ్బులో రూ.20,000 ఇంటిల్లిపాదికీ సొంత ఆరోగ్య బీమా తీసుకోవడానికి, మిగతా రూ.75,000 నిధిలోకి. ఆ తర్వాత చీటీ వాయిదా రూ.5,000 మిగులుతుంది కాబట్టి, వచ్చే ఏటి ప్రీమియానికి రూ.1,700 తీసి ఉంచి, నెలకు రూ.5,500 నిధిలో వేయండి. చీటీ లేకపోతే తప్పనిసరి ఖర్చు రూ.43,000. ఆరు నెలలకు రూ.2,58,000. అది నిండడానికి జనవరి నుంచి రెండున్నరేళ్ల పైన పడుతుంది. ఎక్కువే, నాకూ తెలుసు. బోనస్ వచ్చినప్పుడల్లా అందులోనే వేస్తే తగ్గుతుంది. బీమా ఎందుకంటే, కంపెనీ ఇచ్చిన రూ.3 లక్షల కవరేజీ ఉద్యోగంతో పాటే పోతుంది, కొత్త పాలసీలో ముందునుంచీ ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. మీ భర్త పేరున టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బిచ్చే జీవిత బీమా) లేదు, అదీ ఈ ఏడాదే తీసుకోండి.

బంగారం నిజమైన ఆపదకు దాచండి. అప్పుడు కూడా బ్యాంకులోనే పెట్టండి.

ఇక ఈ డిసెంబరు. నవంబరు, డిసెంబరు మిగులు రూ.8,400. డిసెంబరులో కీబోర్డు, హిందీ క్లాసులకు సెలవిస్తే ఇంకో రూ.4,000. మొత్తం రూ.12,400. నలుగురికి బట్టలు రూ.6,500, కేకు, అరిసెలు, కజ్జికాయల సరుకు రూ.2,400, నక్షత్రం, కొవ్వొత్తులు రూ.600, పుస్తకాలు రూ.1,500, సెమీ క్రిస్మస్‌కు మీ వంతు పులావు రూ.1,400. అరవై మందికి మీరొక్కరే భోజనం పెట్టే ఆలోచన మానుకోండి. ఇంటికో వంటకం తెమ్మంటే ఎవరూ ఏమీ అనుకోరు. మీ లెక్కలో రెండు వైపుల బంధువులందరికీ బట్టలు అన్న రూ.28,000 పద్దు కొట్టేయండి.

పాఠాలకు లూకా సువార్త చాలు. 24 అధ్యాయాలు, డిసెంబరు 1 నుంచి 24 దాకా రోజుకొకటి. మొదటి అధ్యాయంలో 80 వచనాలున్నాయి, ఎనిమిదేళ్ల బాబు ఒక్కసారిగా కూర్చోలేడు. పొద్దున 38వ వచనం దాకా, సాయంత్రం మిగతాది చదవండి. క్రీస్తు జననం రెండో రోజే వచ్చేస్తుంది కాబట్టి 24 రాత్రి రెండో అధ్యాయం మళ్లీ తీయండి, ఈసారి పాప చదవాలి. ఆగమనకాలపు, అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే, నాలుగు ఆదివారాలకు నాలుగు కొవ్వొత్తులు.

నక్షత్రం కొనకండి, చేయించండి, అదే లెక్కల పాఠం. రెండడుగుల వెదురు బద్దలు పది. ఐదింటితో ఒక నక్షత్రం, అలాంటివి రెండు. కొనలో కోణం 36 డిగ్రీలు రావాలి, పాపను కొలవమనండి. బద్దల్లో ఒక్కటి పొట్టిదైనా నక్షత్రం వంకరపోతుంది, అందుకే కట్టే ముందే పక్కపక్కన పెట్టి సరిచూడాలి. రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి ఐదు కొనలూ దారంతో బిగించి, లోపల బద్దలు కలిసే ఐదు చోట్ల నాలుగంగుళాల పుల్లలు నిలబెడితే పొట్ట ఉబ్బుతుంది. పైన గాలిపటాల కాగితం, మైదా జిగురుతో. జిగురు పల్చనైతే కాగితం తడిసి చిరుగుతుంది. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బే పెట్టాలి, పాతరకం బల్బు వేడికి కాగితానికి నిప్పంటుకోవచ్చు.

విదేశీ సెట్టు నవంబరులో ఆర్డరు చేస్తే కస్టమ్స్ దాటి జనవరిలో వచ్చే అవకాశమే ఎక్కువ, కార్డు మీద విదేశీ మారకపు రుసుము అదనం. పైన పుస్తకాలకు పెట్టిన రూ.1,500తో లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాలు, నేషనల్ బుక్ ట్రస్టు తెలుగు పిల్లల పుస్తకాలు ఎన్నో వస్తాయి. జ్ఞానులు కానుకలు తెచ్చిన జ్ఞాపకంగా జనవరి 6 జరుపుకుంటారు కదా, పిల్లల కానుకలు ఆ రోజుకు మార్చండి. జనవరిలో పుస్తక మహోత్సవం మీ ఊళ్లోనే జరుగుతుంది.

పన్ను గురించి ఒక మాట: పాత పన్ను విధానంలో వచ్చే చదువు మినహాయింపు బడికి కట్టే ట్యూషన్ ఫీజుకే, ఇంట్లో చదువుకు కొన్న పుస్తకాలకు రాదు. మీ దశమభాగం జోలికి నేను రాను, ఆ రూ.6,800 మీ విశ్వాసం. కానీ కృతజ్ఞతా కానుక అప్పు డబ్బుతో వేయకండి.

ఈ జవాబు చదివేలోపే యాప్‌లో లోను తీసుకుని ఉంటే ఆ డబ్బు ముట్టుకోకండి. డిజిటల్ లోన్లకు కనీసం ఒక రోజు కూలింగ్ ఆఫ్ గడువు (మనసు మార్చుకుని లోను వదులుకునే వీలు) ఉంటుంది, ఎన్ని రోజులో ఒప్పందంలోనే రాసి ఉంటుంది. ఆ లోపు అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేస్తే ముందస్తు చెల్లింపు జరిమానా వేయరు, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం పోవచ్చు. కట్టాక లోను మూసినట్టు లేఖ తీసుకుని, నెల తర్వాత సిబిల్ రిపోర్టులో (మీ అప్పుల చరిత్ర) అది 'క్లోజ్డ్' అని కనిపిస్తోందో లేదో చూసుకోండి.