కట్లెట్లకు బ్రెడ్ పొడి అద్దే మిషను కోసం పాప ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: మాది బరంపురం. మా అత్తగారు, నేను, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళం కలిసి కూరగాయల కట్లెట్లు, రొయ్య కట్లెట్లు, ఫిష్ ఫింగర్లు చేసి హోటళ్ళకు, కేటరింగ్ వాళ్ళకు వేస్తున్నాం. రోజుకు 40 కిలోలు, నెలకు వెయ్యి కిలోల దాకా అవుతోంది. కూలీతో సహా ఖర్చులన్నీ పోను కిలోకు 45 రూపాయలు మిగులుతోంది. పల్చటి పిండి జారులో ముంచి బ్రెడ్ పొడి అద్దడానికే ఇద్దరికి మూడు గంటలు పడుతోంది. గంటకు 150 కిలోలు అద్దే మిషను 8 లక్షలని, 18 శాతం జీఎస్‌టీ అదనమని ఒక డీలరు కొటేషను ఇచ్చారు. నెలాఖరులోగా కొంటే తగ్గిస్తారట. పాప చదువుకని దాచిన ఎఫ్‌డీ 4 లక్షలుంది. తను వచ్చే ఏడాది ప్లస్ టూ పూర్తి చేస్తుంది. బంగారం మీద 3 లక్షలు వస్తుంది. మిగతాది చీటీ పాడదామనుకుంటున్నాం. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: ఎఫ్‌డీ జోలికి వెళ్ళకండమ్మా. మిషను కొనొద్దని చెప్పడం లేదు. ఈ నెలలో, ఈ డబ్బుతో కొనొద్దంటున్నాను. ఎందుకో మీరు రాసిన అంకెలతోనే చెబుతాను.

గంటకు 150 కిలోలు అద్దే మిషనుకు మీ రోజు సరుకు పావుగంట పని. ఆ తర్వాత దాన్ని విప్పి కడగడానికి గంట పడుతుంది. జాలీ బెల్టు సందుల్లో తడిసిన పొడి ముద్దకట్టి ఆరిపోతే మర్నాడు గోకినా రాదు, కాబట్టి ఏ రోజు కడుగుడు ఆ రోజే. పావుగంట పనికి గంట కడుగుడు అంటే మీ సరుకుకు ఈ మిషను బాగా పెద్దది.

అది పనిచేసే తీరు కూడా తెలుసుకోండి. కట్లెట్ ముందు జారు తెర కిందుగా వెళ్ళి తడుస్తుంది, ఎక్కువైన జారును గాలి ఊదేస్తుంది. తర్వాత కింద పరిచిన పొడి మీద కూర్చుంటుంది, పైన తొట్టి నుంచి ఇంకో పొర రాలుతుంది, రోలరు మెల్లగా అదుముతుంది. అంటుకోని పొడి మళ్ళీ తొట్టిలోకి చేరుతుంది. చాలా మిషన్లలో ఈ తిరుగు ప్రయాణం స్క్రూ మీదుగా సాగుతుంది, తకరారు అక్కడే. మీరు వాడేది సన్న పొడి అయితే ఇబ్బంది లేదు. రొయ్యల మీద ముళ్ళలా నిలబడే జపాన్ రకం ముతక పొడి అయితే, రెండు మూడు సార్లు తిరిగేసరికి నలిగి రవ్వ అయిపోతుంది. మీ సరుకు చూపు పోయిందని హోటలు వాళ్ళు ఇట్టే కనిపెడతారు. ఆలూ కట్లెట్ మెత్తనిది కదా, రోలరు కింద నొక్కుకుపోతుంది కూడా. ఇవేవీ కొటేషనులో రాయరు.

ఇప్పుడు అసలు సంగతి. మన బరంపురంలో అప్పడాల పని దగ్గరగా చూసినవాళ్ళకు ఇది వివరించక్కర్లేదు. ఒత్తే చేతులు ఎన్నున్నా, ఎండబెట్టడానికి మేడ ఎంతుందో అన్ని అప్పడాలే అవుతాయి. మీ వ్యాపారానికి ఆ మేడ ఫ్రీజరు. మీ ఉత్తరంలో ఫ్రీజరు ఊసే లేదు కాబట్టి మామూలు డీప్ ఫ్రీజర్లే అనుకుంటున్నాను. అవి గడ్డకట్టిన సరుకును అలాగే నిలిపి ఉంచడానికి పనికొస్తాయి, వెచ్చటి సరుకును గబగబా గడ్డకట్టించలేవు. రాత్రంతా మెల్లగా గడ్డకడితే లోపల మంచు పలుకులు పెద్దవవుతాయి, తేమ పైకొచ్చి పొడిని తడుపుతుంది, హోటలు వాళ్ళు నూనెలో వేయగానే పెచ్చు ఊడుతుంది. రోజుకు 40 కిలోలకే ఇలా ఉంటే, మిషను పెట్టి 100 కిలోలు అద్ది ఎక్కడ పెడతారు? మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలబడని సరుకును నాలుగైదు గంటల రైలు దూరంలో ఉన్న విశాఖకు పంపే ఆలోచన కూడా చేయలేరు.

డబ్బు లెక్కకు వద్దాం. 8 లక్షలకు జీఎస్‌టీ కలిపితే 9,44,000. అందులో పదోవంతు మీరు పెట్టుకుని, 8.5 లక్షలు బ్యాంకు అప్పు తీసుకున్నారనుకుందాం. 11 శాతం వడ్డీ, అయిదేళ్ళ గడువు అయితే నెలకు దాదాపు 18,500 కిస్తీ. కూలీ కలిసొస్తుంది కదా అంటారు, అదీ చూద్దాం. ఇప్పుడు ఇద్దరికి మూడేసి గంటలు, అంటే ఆరు గంటల కూలీ. మిషను మీద కూడా ఎక్కించడానికొకరు, దించడానికొకరు ఉండాలి. సర్దుకోవడం, కడుగుడు కలిపితే ఇద్దరికీ గంటన్నరేసి. మిగిలేది మూడు గంటలు. రోజుకూలి 400 అనుకుంటే ఆ మూడు గంటలు 150 రూపాయలు, 25 రోజులకు 3,750. మిషను కరెంటుకు, రిపేర్లకు అది సరి. కాబట్టి కిస్తీ మొత్తం కొత్త అమ్మకాల నుంచే రావాలి. 18,500ను 45తో భాగిస్తే దాదాపు 410 కిలోలు. ప్రతి నెలా ఇప్పటికన్నా 410 కిలోలు ఎక్కువ అమ్మితే, ఇవాళ వస్తున్న 45,000 రూపాయలే అప్పుడూ వస్తుంది. లాభం ఆ తర్వాతే మొదలవుతుంది. ఆ 410 కిలోలు ఎవరు కొంటారో పేర్లతో రాయగలరా? రాయగలిగిన రోజున నేనే కొనమంటాను.

ఆ అదనపు సరుకు డబ్బు కూడా వెంటనే చేతికి రాదు. హోటళ్ళు నెలా నెలన్నర తిప్పుతాయి. ఈలోగా నూనె, ఆలూ, పొడి, రొయ్యలు మీరే కొనాలి. దానికి విడిగా కనీసం లక్ష చేతిలో ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషను, అంటే చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు, లేకపోతే ఈ వారమే చేయించుకోండి, రుసుము లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం మీలాంటి చిన్న తయారీదారుకు కొన్నవాళ్ళు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలి. ఒప్పందం లేకపోతే 15 రోజులే.

ఇంకోటి, కార్తీకం. మన తెలుగిళ్ళలో సోమవారాలు, ఒడియా ఇళ్ళలో చాలాచోట్ల నెలంతా నీచు ముట్టరు. ఆ వెంటనే మార్గశిర గురువారాలు. ఆ రోజుల్లో రొయ్య కట్లెట్ల అమ్మకం ఎంత పడిపోతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. కిస్తీకి కార్తీకం లేదు. పోనీ ఆ నెల కూరగాయల కట్లెట్లే పెంచుదామన్నా, రొయ్యలు తిరిగిన మిషనులో అదే పొడి, అదే జారు తిరుగుతాయి. పూర్తిగా ఖాళీ చేసి కడగకుండా కూరగాయల సరుకు ఎక్కిస్తే ఆ పాకెట్టు మీద ఆకుపచ్చ చుక్క వేసే హక్కు మనకుండదు. నియమం పాటించేవాళ్ళు మనల్ని నమ్మి కొంటారు, ఈ విషయంలో రాజీ పడొద్దు.

నాకు మీ ఉత్తరంలో ఎక్కువ కంగారు కలిగించింది బంగారం, చీటీ. బంగారం అప్పు సాధారణంగా ఏడాదిలో తీర్చాలి. మిషను తన ఖరీదు తను సంపాదించుకోవడానికి నాలుగైదేళ్ళు. ఏడాది తిరిగేసరికి వడ్డీ కట్టి తిరగరాయించుకోవడం, మళ్ళీ ఏడాదికి అదే పని. ఇలా మొదలైన నగలు ఇంటికి తిరిగి రాని కుటుంబాలను రాయగడలోనూ, ఇచ్ఛాపురంలోనూ చూశాను. చీటీ తొందరపడి పాడితే పాటలో ఎంత వదులుకోవాలో మీకు తెలుసు. ఆ పోయినదాన్ని వడ్డీగా లెక్కవేస్తే బ్యాంకు వడ్డీ నయమనిపిస్తుంది.

పైగా సొంత డబ్బుతో కొనేస్తే సబ్సిడీ పోతుంది. చిన్న ఆహార తయారీదారుల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో అర్హమైన ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు సబ్సిడీ ఇస్తారు. అది బ్యాంకు అప్పుతో ముడిపడి ఉంటుంది. ముందు కొనేసి తర్వాత రసీదు చూపిస్తే ఇవ్వరు. సబ్సిడీ సొమ్ము కూడా చేతికివ్వరు. బ్యాంకు దగ్గరే ఉంటుంది, మూడేళ్ళు కిస్తీలు సక్రమంగా కట్టి యూనిట్ నడుస్తుంటే అప్పులో జమ చేస్తారు. మీరు కట్టాల్సిన వాటా కనీసం 10 శాతం. దరఖాస్తుకు సాయపడే జిల్లా రిసోర్స్ పర్సన్ ఉంటారు, వాళ్ళకు పథకమే చెల్లిస్తుంది, మీరివ్వక్కర్లేదు. వెళ్ళిన రోజున దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో మీ బ్యాంకులో కనుక్కోండి. స్వయం ఉపాధికి కేంద్రం ఇచ్చే మరో సబ్సిడీ పథకం పీఎంఈజీపీ గురించి ఎవరైనా చెబితే, అది ముఖ్యంగా కొత్తగా పెట్టే యూనిట్లకు. మీది ఇప్పటికే నడుస్తోంది.

నేనైతే ఆ అప్పును ముందు ఫ్రీజరుకు వాడతాను. మీ రోజు సరుకును కొద్ది గంటల్లో గడ్డకట్టించే చిన్న బ్లాస్ట్ ఫ్రీజరుకు రెండు మూడు చోట్ల కొటేషన్లు తీసుకోండి. త్రీ ఫేజ్ కరెంటు ఖర్చు అందులోనే కలపండి. జీఎస్‌టీలో మామూలు పద్ధతిలో నమోదై ఉంటే మిషను మీద కట్టిన పన్ను వెనక్కి సర్దుకోవచ్చు, అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను కట్టే కాంపొజిషన్‌ పద్ధతిలో ఉంటే కుదరదు. ఇది మీ ఆడిటరుతో ముందే మాట్లాడండి.

ఈలోగా ఖర్చు లేని పని ఒకటి. అద్దకానికి ముందు 20 కట్లెట్లు తూచండి, అద్దాక మళ్ళీ తూచండి. ఇద్దరి చేతివాటం విడివిడిగా, పొద్దున ఒకసారి, పని చివర ఒకసారి. కిలో సరుకు ఒకరి దగ్గర 1,250 గ్రాములై, ఇంకొకరి దగ్గర 1,400 అయితే మీ లాభం ఎటు పోతోందో అక్కడే కనబడుతుంది. చాలాసార్లు తప్పు చేతిది కాదు, జారుది. గిన్నె వేడెక్కేకొద్దీ, పొడి రాలి కలిసేకొద్దీ దాని చిక్కదనం మారిపోతుంది. గిన్నెను ఐసు పళ్ళెంలో పెట్టండి. అడుగున చిన్న చిల్లున్న కప్పు నిండా జారు పోసి ఎన్ని సెకన్లలో ఖాళీ అవుతుందో గంటకోసారి రాయండి. పొడిని మధ్యమధ్యలో జల్లించండి. ఈ పుస్తకం మూడు నెలలు రాశాక బ్యాంకు మేనేజరు ముందు పెడితే ఏ ప్రాజెక్టు రిపోర్టూ దానికి సాటిరాదు.

వరసగా మూడు నెలలు, నెలనెలా ఆర్డర్లు 1,500 కిలోలు దాటితే, అందులో ఒకటి కార్తీకమైతే మరీ మంచిది, అప్పుడు మిషను చూడ్డానికి వెళ్ళండి. మీ కట్లెట్లు, మీ రొయ్యలు, మీ పొడి ఐసు పెట్టెలో పట్టుకెళ్ళి అరగంట ఆపకుండా నడిపించమనండి. చివరి పళ్ళెంలో వచ్చిన కట్లెట్‌ను మొదటి పళ్ళెంలోదాని పక్కన పెట్టి చూడండి. కడిగేటప్పుడు కూడా అక్కడే నిలబడండి. బెల్టు తెగితే కొత్తది ఎన్ని రోజుల్లో బరంపురం చేరుతుందో కాగితం మీద రాయించుకోండి. నెలాఖరు తగ్గింపు అప్పుడు కూడా ఉంటుంది లెండి.