గొలుసు తాకట్టు పెట్టి లాప్‌టాప్ కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయికి హైదరాబాద్‌లో కూకట్‌పల్లి దగ్గర బీటెక్ సీటు వచ్చింది. మా దగ్గర 1,60,000 రూపాయలు ఉన్నాయి. ఏడాది ఫీజు 95,000. హాస్టల్ నెలకు 7,500. ఆరు నెలలది ఒకేసారి కడితే 3,000 తగ్గిస్తామంటున్నారు. క్లాసులు మొదలయ్యేలోపే 80,000 లాప్‌టాప్ కావాలని బాబు పట్టుబడుతున్నాడు. నా గొలుసు తాకట్టు పెట్టమంటారా? – ఒక తల్లి, సూర్యాపేట

జవాబు: వద్దమ్మా, గొలుసు జోలికి వెళ్లకండి. బంగారంపై తీసుకునే అప్పు సాధారణంగా ఏడాదిలో తీర్చాలి, లేదంటే వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. బాబు చదువేమో నాలుగేళ్లు. వచ్చే ఏడాది మళ్లీ ఫీజు కట్టే సమయానికే ఈ అప్పు కూడా నెత్తిన కూర్చుంటుంది.

హాస్టల్ సంగతి ముందు చెబుతాను, తొందరపడితే డబ్బు పోయేది అక్కడే. కౌన్సెలింగ్ ఇంకా మిగిలి ఉంటే, తర్వాతి విడతలో బాబుకు ఇంకో కాలేజీలో సీటు రావచ్చు. ఈరోజు కూకట్‌పల్లి, రేపు ఇబ్రహీంపట్నం! సీటు మారకపోయినా, తిండి పడకో నీళ్లు సరిగా రాకో మొదటి నెలలోనే హాస్టల్ మారే పిల్లలు చాలామంది. అప్పుడు ముందే కట్టిన 42,000 వెనక్కి రాబట్టుకోవడం గగనం. 3,000 తగ్గింపు కోసం అంత డబ్బు ఇరికించకండి. ఒక నెల అద్దె, ఒక నెల అడ్వాన్స్ ఇచ్చి, ఖాళీ చేస్తే అడ్వాన్స్ ఎప్పుడిస్తారో రసీదు మీద రాయించుకోండి.

ఫీజు, హాస్టల్‌కు కలిపి 1,10,000 పోగా మీ దగ్గర 50,000 ఉంటుంది. సెమిస్టర్ ఐదు నెలలనుకుంటే మిగతా నాలుగు నెలల అద్దె 30,000. పుస్తకాలు, బస్ పాస్, ఊరికి రాకపోకలు, జ్వరమొస్తే డాక్టరు, వీటన్నిటికీ 20,000. ఇందులోంచి లాప్‌టాప్ రాదు. మొదటి సెమిస్టర్‌లో కాలేజీ ల్యాబ్‌తో నెట్టుకురావచ్చు. సీనియర్లను, లెక్చరర్లను అడిగాకే కొనమనండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీలో తిరిగితే 45,000 లోపే పనికొచ్చేది దొరుకుతుంది.

ఆ లోగా విద్యా రుణానికి దరఖాస్తు చేయండి. 4 లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. ఫీజుతోపాటు హాస్టల్, పుస్తకాలు, కోర్సుకు అవసరమైతే కంప్యూటర్ కూడా అందులోకి వస్తాయి. వాయిదాలు మామూలుగా చదువు పూర్తయిన ఏడాది తర్వాతే మొదలవుతాయి. కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ మీకు వర్తిస్తుందేమో బ్యాంకు మేనేజర్‌నే అడగండి. ఇప్పటికే కట్టిన ఫీజు కూడా రుణంలో కలుపుతారేమో కనుక్కోండి. అందుకే ప్రతి రసీదూ దాచండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉంటే మీసేవలో ఆదాయ ధ్రువపత్రం తీసుకుని ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టండి. కానీ ఆ డబ్బు ఆలస్యంగా వస్తుందనుకునే లెక్క వేసుకోండి. హాజరు 75 శాతానికి తగ్గితే అసలుకే మోసం, ఈ మాట బాబుకు గట్టిగా చెప్పండి.

ఇంకొకటి. పుస్తకాలు, రాకపోకలకు ఉంచిన ఆ 20,000 ఒకేసారి బాబు ఖాతాలో వేయకండి, వారం వారం పంపండి. ఈ లెక్కంతా దాచకుండా అతని ముందే కాగితం మీద వేసి చూపించండి. 80,000 ఎందుకు కుదరదో అప్పుడు తనకే తెలుస్తుంది.