బుడమేఱుకు బండి ర, గుంటూరుకు మామూలు ర

సందేహం: మా తాతగారి నాటి పొలం దస్తావేజులో సరిహద్దుల దగ్గర ‘బుడమేఱు’ అని, అదే కాగితంలో ‘గుంటూరు’ అని ఉంది. ఒకచోట బండి ర, ఇంకోచోట మామూలు ర. రాసినాయన పొరపాటు పడ్డారా? మా ఊరి చరిత్ర రాస్తున్నాను, నేను ఏది రాయాలి?
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: పొరపాటు కాదండీ. ఆ రాసినాయన తెలుగు బాగా చదువుకున్న మనిషి. బుడమేఱు చివర ఉన్నది ఏఱు, అంటే వాగు. గుంటూరు చివర ఉన్నది ఊరు. ఒకప్పుడు ఈ రెండు ర-లూ వేర్వేరుగా పలికేవి. పద్యంలో ప్రాసకు వీటిని కలపకూడదని నియమం కూడా ఉండేది. తమిళులు నేటికీ నదికి ఒక ర, ఊరికి ఒక ర రాస్తారు.

మన ఉచ్చారణలో తేడా పోయింది, రాతలోనూ పోయింది. కానీ వ్యాకరణంలో పోలేదు! ఊరు అనే మాట ‘ఊరి పెద్ద’లో ఊరి అవుతుంది. ఏరు మాత్రం ‘ఏటి ఒడ్డు’లో ఏటి అవుతుంది. ఆ ట పాత ఱ మిగిల్చిన గుర్తే. కొల్లూరు నుంచి ‘కొల్లూరి’ అనే ఇంటిపేరు వచ్చింది. కొల్లేరు మాత్రం ‘కొల్లేటి చాంతాడు’ అయింది. బండి ర ఎప్పుడూ చూడని పిల్లలు కూడా ఇక్కడ తప్పు చేయరు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినదాన్ని ‘బుడమేరు వరద’ అన్నారు, అదీ సరే. ‘బుడమేటి వరద’ అంటే నా చెవికి ఇంకా ఇంపుగా ఉంటుంది.

అన్ని పేర్లకూ ఈ ట పరీక్ష పనికిరాదు. చెఱకులోనూ బండి ర ఉంది, కాబట్టి చెరుకుపల్లి పాత కాగితాల్లో చెఱుకుపల్లిగా కనిపించవచ్చు. అక్కడ ట ఏమీ రాదు. అలాంటి చోట పాత నిఘంటువు చూడాల్సిందే.

మీ విజయవాడను బెజవాడ అనడం సంగతి వేరు, దాన్ని పాత స్పెల్లింగ్ అనకండి. పదో శతాబ్దపు యుద్ధమల్లుడి శాసనంలోనే ఉన్న పేరది, ఇప్పటికీ జనం నోట ఉంది.

ఇక మీ పుస్తకంలో మీ మాటగా రాసేచోట బుడమేరు అనే రాయండి, ఈ తరం వాళ్లకు టెన్షన్ ఉండదు. దస్తావేజును ఉదహరించేచోట మాత్రం ఒక్క అక్షరం మార్చకండి. అందులో అరసున్నలు ఉంటే వాటినీ అలాగే ఉంచండి.