బ్యాక్‌కంట్రీ స్నోమొబైలింగ్: రెంటల్ హెల్మెట్ ఒక్కటే సరిపోదు

చలికాలం మొదలవగానే కొత్తగా కెనడా వచ్చినవాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. "వీకెండ్‌కి స్నోమొబైలింగ్‌కి వెళ్తున్నామండీ. హెల్మెట్, సూటు, బూట్లు రెంటల్ వాళ్లే ఇస్తారట. ఇంకేమైనా తీసుకెళ్లాలా?"

జవాబు చెప్పేముందు నేనూ ఒకటి అడుగుతాను. మీరు వెళ్లేది చదును చేసిన ట్రయల్ మీదికా, లేక దాన్ని దాటి కొండల్లోకా? ట్రయల్ మీద గైడ్ వెనకాల తిరిగొచ్చేదైతే రెంటల్ వాళ్లిచ్చేవి చాలావరకు సరిపోతాయి. హెచ్చరిక బోర్డులు లేని, ఫోన్ సిగ్నల్ అందని కొండల్లోకి, అంటే బ్యాక్‌కంట్రీలోకి పోతే మాత్రం లెక్క వేరు. అక్కడ అన్నిటికంటే పెద్ద ముప్పు అవలాంచ్. వాలు మీద పేరుకున్న మంచు పలకలా విరిగి కిందికి దూసుకొస్తుంది. ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఇలా జరుగుతుంది. స్లెడ్ (స్నోమొబైల్ బండి) మీద ఎగబాకడానికి సరదాగా ఉండేవి కూడా సరిగ్గా ఆ వాలులే. స్లెడ్ బరువు, వేగం ఆ పలకను కదిలించడానికి చాలు.

కదిలేటప్పుడు నీళ్లలా పారే మంచు, ఆగిన క్షణంలో సిమెంటులా బిగుసుకుపోతుంది. లోపల ఉన్న మనిషి వేలు కూడా కదపలేడు. మొదటి 10 నిమిషాల్లో బయటికి తీస్తే పది మందిలో తొమ్మిది మంది దాకా బతుకుతారు. అరగంట దాటేసరికి అది సుమారు మూడో వంతుకు పడిపోతుంది. హెలికాప్టర్ వచ్చేదాకా ఆగే సమయం అక్కడ లేదు. మిమ్మల్ని బతికించగలిగేది మీ పక్కన రైడ్ చేస్తున్నవాళ్లే. అందుకే నేను ముందుగా అడిగేది మీ దగ్గర ఏమున్నాయని కాదు, మీతో వచ్చేవాళ్ల దగ్గర ఏమున్నాయని.

ప్రతి ఒక్కరి దగ్గరా తప్పకుండా ఉండాల్సినవి మూడు: ట్రాన్సీవర్, ప్రోబ్, పార. ట్రాన్సీవర్‌ని అందరూ బీకన్ అంటారు. 457 కిలోహెర్ట్జ్ మీద అది ఆగకుండా సిగ్నల్ పంపుతుంటుంది. అన్ని కంపెనీల బీకన్లదీ అదే ఫ్రీక్వెన్సీ కాబట్టి ఒకరిది ఇంకొకరిదాన్ని పట్టగలదు. ఎవరైనా కూరుకుపోతే మిగిలినవాళ్లు తమవి సెర్చ్‌లోకి మార్చి వెతుకుతారు. మూడు యాంటెన్నాలున్న డిజిటల్ బీకన్ కొనండి, పాతకాలం నాటిది ఎవరైనా ఊరికే ఇస్తానన్నా తీసుకోకండి. దాన్ని జాకెట్ కింద ఒంటికి పట్టీలతో కట్టుకోవాలి. పార్కింగ్‌లో కారు దగ్గర ఆన్ చేస్తే మళ్లీ కారు దగ్గరికి వచ్చాకే ఆఫ్ చేయాలి.

ఫోన్, గోప్రో, హీటెడ్ గ్లౌజులు, రేడియో లాంటివన్నీ బీకన్‌ని గందరగోళపెడతాయి. మామూలుగా అవి బీకన్‌కి కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. వెతికేటప్పుడు ఆ దూరం 50 సెంటీమీటర్లు. ఫోన్‌ని బీకన్ పక్క జేబులోనే పెట్టుకునేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది. కంపెనీ ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప బీకన్‌లో ఆల్కలైన్ బ్యాటరీలే వాడాలి. రీచార్జబుల్ బ్యాటరీలు చివరిదాకా ఛార్జ్ ఎక్కువ చూపించి ఉన్నట్టుండి ఆగిపోతాయి.

బీకన్ మనల్ని మనిషికి దగ్గరగా తీసుకెళ్తుంది, అంతే. కచ్చితంగా ఎక్కడ తవ్వాలో చెప్పేది ప్రోబ్. అది మడతపెట్టుకునే పొడవాటి కడ్డీ. స్లెడ్ వాళ్లకు 3 మీటర్ల దాకా ఉన్నది మంచిది. బీకన్ చూపించే దూరం అంకె అతి తక్కువగా ఉన్న చోట మొదలుపెట్టి 25 సెంటీమీటర్లకు ఒకసారి గుండ్రంగా గుచ్చుకుంటూ పోవాలి. మనిషి తగిలితే ప్రోబ్‌ని అలాగే వదిలేసి, వాలుకు కింది వైపు నుంచి లోపలికి తవ్వుకుంటూ రావాలి. ముఖం కనబడగానే ముందు నోరు, ముక్కు శుభ్రం చేయాలి. పార లోహపుదే ఉండాలి. బిగుసుకున్న మంచులో ప్లాస్టిక్ పార విరుగుతుంది. ముగ్గురు నలుగురు వంతులవారీగా తవ్వినా అది ఎంత కష్టమో చేసి చూస్తేగానీ తెలియదు. కాబట్టి వెళ్లేముందు ఒక సాయంత్రం పార్కులో బీకన్‌ని సంచిలో పెట్టి మంచులో పాతేసి, గడియారం చూసుకుంటూ వెతకండి. ప్రాక్టీసు లేనివాళ్ల చేతిలో ఖరీదైన బీకన్ ఉన్నా లాభం తక్కువ.

ఈ సామాను ఎక్కడ పెట్టాలన్న దగ్గర కొత్తవాళ్లు తరచుగా పొరపడతారు. స్లెడ్ వెనకాల బ్యాగు ఉంది కదా అని పార, ప్రోబ్ అందులో పెట్టేస్తారు. అవలాంచ్‌లో మనిషి ఒకచోట, స్లెడ్ ఇంకోచోట పోతాయి. స్నేహితుడిని తవ్వాల్సిన పార మంచు కింద ఉంటే మీరేం చేస్తారు? బీకన్, ప్రోబ్, పార, వాటితోపాటు సిగ్నల్ లేని చోట సాయం పిలిచే సాటిలైట్ పరికరం, అన్నీ మీ ఒంటి మీదో వీపు మీదో ఉండాలి. స్లెడ్‌లో పెట్టేది బండికి కావాల్సిన సామాను మాత్రమే: స్పేర్ బెల్ట్, స్పార్క్ ప్లగ్‌లు, టూల్స్, తాడు, చిన్న రంపం.

ఎయిర్‌బ్యాగ్ ఉన్న బ్యాక్‌ప్యాక్ తప్పనిసరి కాదు. అయినా డబ్బు సర్దుకోగలిగితే కొనుక్కోమనే చెబుతాను. హ్యాండిల్ లాగితే సంచి ఉబ్బుతుంది. కదులుతున్న మంచులో పెద్ద వస్తువులు పైకి తేలతాయి కాబట్టి మనిషి పూర్తిగా మునిగిపోయే అవకాశం తగ్గుతుంది. ఉబ్బిన ఎయిర్‌బ్యాగ్ మరణాలను సుమారు సగానికి తగ్గిస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. కాళ్ల మధ్య పట్టీ పెట్టుకోకపోతే మాత్రం ఆ బ్యాగు మంచులో ఊడిపోతుంది. చెట్లకో రాళ్లకో గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ కాపాడలేదు. కెనడాలో అవలాంచ్ మరణాల్లో సుమారు నాలుగో వంతు గాయాల వల్లే. మంచి హెల్మెట్, ఛాతీకి, వీపుకి గార్డు ఉన్న వెస్టు అందుకే. ఇంజిన్ ఆపే టెథర్ తాడు కూడా ఎప్పుడూ ఒంటికి తగిలించుకుని ఉండాలి.

బట్టల విషయంలో ఒకే మాట: లోపల కాటన్ వద్దు. స్లెడ్ కూరుకుపోతే లాగడంలో ఒళ్లంతా చెమట పడుతుంది. తడిసిన కాటన్ ఒంటి వేడిని లాగేస్తుంది. మెరినో ఉన్ని కానీ సింథటిక్ కానీ వేసుకోండి. ఒక జత గ్లౌజులు, గాగుల్స్ అదనంగా ఉంచుకోండి. రాత్రి కొండ మీద ఉండిపోవాల్సి వస్తే నిప్పు రాజేసే సామాను, హెడ్‌ల్యాంప్, చిన్న టార్పాలిన్ ఉండాలి.

పరికరాలు కొన్నంత మాత్రాన అయిపోదు. 2008 డిసెంబర్ 28న బ్రిటిష్ కొలంబియాలో ఫెర్నీ దగ్గరి కొండల్లో 11 మంది స్నోమొబైలర్లు ఉన్నారు. మొదటి అవలాంచ్ ఏడుగురిని కప్పేసింది. మిగిలిన నలుగురు పరుగున వచ్చి తవ్వుతుంటే రెండోది వాళ్ల మీదా పడింది. ఎనిమిది మంది చనిపోయారు. అందరూ ఆ చుట్టుపక్కలవాళ్లే. అందుకే వాలు మీదికి ఒక్కసారి ఒక్కరే వెళ్లాలి. మిగతావాళ్లు ఆ వాలు కింద కాకుండా పక్కన, తమకేమీ కాని చోట ఆగి చూస్తుండాలి. పైన ఎవరి స్లెడ్ అయినా ఇరుక్కుంటే సాయం చేద్దామని రెండోవాళ్లు ఎక్కకూడదు. స్నేహంలో ఇది కఠినంగా అనిపిస్తుంది, అయినా పాటించాల్సిందే.

బయల్దేరే రోజు పొద్దున అవలాంచ్ కెనడా వెబ్‌సైట్‌లో మీరు వెళ్లే ప్రాంతం ఫోర్‌కాస్ట్ చదవండి. ముప్పుని 1 నుంచి 5 దాకా చెబుతారు. మూడు అంటే మధ్యలోదే కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ప్రాణాలు పోయే ప్రమాదాలు ఆ అంకె ఉన్న రోజుల్లో చాలా జరుగుతాయి. ఏఎస్‌టీ 1 (అవలాంచ్ స్కిల్స్ ట్రైనింగ్) అనే రెండు రోజుల కోర్సు ఉంది. కొత్త స్లెడ్ మీద పెట్టే డబ్బులో కొంచెం దానికి కేటాయించండి. గ్రూపులో ఎవరైనా "ఏం కాదు, రా" అంటే, అతనికి బీకన్ వాడడం వచ్చా అని నిస్సంకోచంగా అడగండి. రాదంటే ఆ రోజు ట్రయల్ మీదే తిరగండి.

ఇక ఫోన్ల సంగతి. ఐఫోన్ 14, ఆ తర్వాతి మోడళ్లలో సాటిలైట్ ఎస్‌ఓఎస్ ఉంది. కానీ దానికి తెరిచిన ఆకాశం కావాలి, చలిలో ఫోన్ బ్యాటరీ త్వరగా చచ్చిపోతుంది. గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి సాటిలైట్ పరికరం ఒకటైనా గ్రూపులో ఉంటే రెండు వైపులా మెసేజీలు నడుస్తాయి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగి రావాలో, ఆలస్యమైతే ఏ టైముకి 911కి ఫోన్ చేయాలో ఇంట్లో ఒకరికి రాసి ఇచ్చి వెళ్లండి.

ఇంకొక సందేహం చాలామందికి ఉంటుంది కానీ పైకి అడగరు. రెస్క్యూ పిలిస్తే పెద్ద బిల్లు వస్తుందేమో, వీసాకి ఇబ్బంది అవుతుందేమో అని. బ్రిటిష్ కొలంబియాలో సెర్చ్ అండ్ రెస్క్యూ బృందాల్లో ఉండేది వాలంటీర్లు, మిమ్మల్ని వెతికినందుకు వాళ్లు డబ్బు తీసుకోరు. ఇమిగ్రేషన్‌కి, దీనికి సంబంధం లేదు. చీకటి పడితే, వాతావరణం పాడైతే హెలికాప్టర్ ఎగరడం కష్టం. కాబట్టి ఇబ్బందిలో ఉన్నామని తెలిసిన వెంటనే, వెలుతురు ఉండగానే ఎస్‌ఓఎస్ బటన్ నొక్కండి.