తిప్పతీగ కషాయం రోజూ తాగొచ్చా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మకు 56 ఏళ్లు. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతోంది. ఇంటి ముందు వేపచెట్టుకు పాకిన తిప్పతీగను కోసి, రెండు నెలలుగా పరగడుపున కషాయం తాగుతోంది. షుగర్ తగ్గింది గానీ, పది రోజులుగా అన్నం సయిస్తలేదంటోంది. ఒళ్లంతా దురద, మూత్రం బాగా పచ్చగా వస్తోంది. వేడి చేసిందంటున్నారు. కషాయం కొనసాగించవచ్చా?

జవాబు: వద్దు. ఇవాళే ఆపించండి. మీరు చెప్పిన మూడు లక్షణాలూ కలిసి వస్తే ముందుగా అనుమానించాల్సింది లివర్‌నే. రేపు పొద్దున్నే లివర్ పనితీరు తెలిపే బిలిరుబిన్, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, రక్తం గడ్డకట్టే తీరు తెలిపే ఐఎన్‌ఆర్ పరీక్షలు చేయించండి. హెపటైటిస్ వైరస్‌లు, పిత్తాశయంలో రాళ్లు ఉన్నా ఇలాగే ఉంటుంది కాబట్టి డాక్టర్ వాటినీ చూస్తారు.

తిప్పతీగను నేను తక్కువ చేయడం లేదు. ఆయుర్వేదం దాన్ని గుడూచి, అమృత అంటుంది. జ్వరాలకు వైద్యులు తరతరాలుగా ఇస్తున్నదే. కానీ వైద్యుడు మనిషిని చూసి కొన్నాళ్లకు ఇచ్చే మందు వేరు, కరోనా కాలం నుంచి ఇమ్యూనిటీ పేరుతో టీలాగా రోజూ తాగడం వేరు. మన దేశంలో 13 ఆసుపత్రుల డాక్టర్లు, తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న 43 మంది వివరాలను 2022లో ప్రచురించారు. చాలామందికి మానేశాక తగ్గింది. అప్పటికే లివర్ జబ్బు ముదిరినవాళ్లలో కొందరు చనిపోయారు. ఈ తీగ రోగనిరోధక శక్తిని రెచ్చగొడుతుంది. ఆ శక్తి కొందరిలో సొంత లివర్ మీదికే తిరుగుతుంది. థైరాయిడ్, కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బులు, అంటే రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బులు, ఉన్నవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. అమ్మగారికి అవేమైనా ఉంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి.

కోసిన తీగ ముక్కను కూడా తీసుకెళ్లండి. దీన్ని పోలిన ఇంకో తీగ ఉంది, దాని కాండం నిండా పెద్ద పెద్ద బొడిపెలుంటాయి. దానితోనూ లివర్ దెబ్బతిన్న కేసులున్నాయి. అయితే అసలు తిప్పతీగే అని తేలినంత మాత్రాన ధీమా పడొద్దు.

షుగర్ తగ్గిందని సంతోషపడుతున్నారు, నాకు అక్కడే భయం. తిప్పతీగకూ షుగర్‌ను తగ్గించే గుణముంది. పైగా అమ్మగారు సరిగా తినడం లేదు. గ్లిమెపిరైడ్ మాత్రం లోపల పనిచేస్తూనే ఉంటుంది. దాంతో షుగర్ మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లు తాగించి, షుగర్ చూడండి. రెండు మాత్రల డోసు గురించీ మీ డాక్టర్‌కు ఇవాళే ఫోన్ చేయండి.

పసిరికలని (కామెర్లని) ఎవరైనా పసరు పోస్తామంటే ఒప్పుకోవద్దు. కళ్లు పచ్చబడి మగతగా ఉన్నా, మాట తడబడినా, ముక్కు నుంచి రక్తం కారినా తెల్లారేదాకా ఆగకుండా నల్గొండ పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.